రాత్రిపూట పంపు ఎందుకు గుర్రుమంది?

మధురవాడ నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది. ఆరు పేజీలుంది. మనుషుల్ని పట్టించే ఆనవాళ్లు తీసేసి, కుదించి చెబుతున్నాను.

ఆవిడకి 57 ఏళ్లు. భర్త ఉక్కు ఫ్యాక్టరీలో పైప్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో 4 లక్షల 20 వేలు పెట్టి, కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ట్రైలర్ ఇల్లు ఒకటి కట్టించుకున్నారు. సినిమావాళ్ల క్యారవాన్ లాంటిది కాదు. 14 అడుగుల పొడవు, ఒక మంచం, వంటగట్టు, మనిషి నిలబడి స్నానం చేసేంత బాత్రూం. బాడీ కట్టిన షెడ్డు ఈవిడ తమ్ముడికి తెలిసినవాళ్లది. అతనే మాట్లాడి కుదిర్చాడు. లోపల నీళ్ల పైపులు మాత్రం భర్త స్వయంగా వేసుకున్నారు. ఇంట్లో బాత్రూం కట్టినప్పుడు మిగిలిపోయిన లేత పసుపు సీపీవీసీ ప్లాస్టిక్ పైపులే వాడారు. "ముప్పై మూడేళ్లు ఆవిరి పైపులు బిగించినోణ్ని, ఈ కుళాయి పైపులకి ఇంకోణ్ని పిలవాలా?" అన్నారట.

ఆగస్టులో భీమిలి దాకా ఒకసారి తీసుకెళ్లి సాయంత్రానికి వచ్చేశారు. నీళ్లు వాడలేదు. ఆ తర్వాత వానలన్నీ పోయేదాకా బండి ఇంటి పక్క ఖాళీ సైటులో, ఆకాశం కిందే నిలబడి ఉంది. నవంబరులో భర్త అక్కగారిని, వాళ్లాయన్ని వెంటబెట్టుకుని అరకు వెళ్లారు. రాత్రి ఆడవాళ్లిద్దరూ ట్రైలర్లో, మగవాళ్లు బయట టెంటులో. తెల్లారి చూస్తే మంచం కింద, వెనక ఎడమ మూల తడి. అక్కగారి పరుపుచుట్ట, బట్టల సంచీ నానిపోయాయి. ముందురోజు వంట గిన్నెలన్నీ సింకులో తోమింది ఈవిడే. భర్త అందరి ముందూ "బిందెలకి బిందెలు పారబోసి తోమితే పొంగక ఏం చేస్తాది?" అన్నారు. అక్కగారు ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుందని రాశారు.

ఇంటికొచ్చి మంచం కింద మ్యాట్ ఎత్తితే అడుగు ప్లైవుడ్ నల్లబడి మెత్తగా ఉంది. బొటనవేలి గోరు దిగిందట. భర్త డాబా మీది ట్యాంకు నుంచి హోస్ తెచ్చి, ట్రైలర్ బయట, పైపుల్లోకి నీళ్లు పట్టే మూతికి తగిలించి, కుళాయిలన్నీ కట్టేసి గంటసేపు కాపలా కూర్చున్నారు. చుక్క కారలేదు. "చూశావా?" అన్నారు. తమ్ముడు షెడ్డుకి ఫోన్ చేస్తే వాళ్లు "మీ బావగారి పైపులే కారుతున్నాయి, మా బాడీకి సంబంధం లేదు" అన్నారు. ఆ మాట బావగారి చెవిన పడింది. బావా బావమరుదులకి మూడు వారాలుగా మాటల్లేవు. హైదరాబాదులో ఉన్న కొడుకేమో "కొత్త మ్యాట్ పరిచేసి ఆన్‌లైన్లో అమ్మేయండమ్మా, పీడ వదులుతుంది" అంటున్నాడు. సంక్రాంతికి ముందే కూతురూ అల్లుడూ పిల్లలూ వస్తున్నారు. లంబసింగి తీసుకెళ్తామని వాళ్లకి మాటిచ్చారు.

ఆవిడ అడిగినవి ఇవి. నిజంగా నా గిన్నెల వల్లే అయిందా? బండి అమ్మించేయాలా? షెడ్డు మీద కేసు పెట్టాలా? నోరు మూసుకుని ఊరుకోవాలా?

నాలుగో పేజీ మార్జిన్‌లో చిన్న అక్షరాలతో ఇంకో సంగతి ఉంది. "ఆ రాత్రి అందరం పడుకున్నాక నీళ్ల పంపు దానంతటదే గుర్రుమని ఆగింది. రెండు మూడుసార్లు. నాకు మెలకువొచ్చింది. పొద్దున్న ఆయన్ని అడిగితే మామూలే అన్నారు."

అమ్మా,

మీ ఆరు పేజీల్లో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఆ మార్జిన్‌లో రాసిందే. నేను ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల పంపులూ పైపులూ చూస్తూ ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి. ఇంటి రిపేర్ల గురించి రాయమని ఈ శీర్షిక ఇచ్చారు గానీ, రిపేరు అడిగేవాళ్లలో సగం మంది కాపురం గురించే రాస్తారు. నాకూ అలవాటైపోయింది. ముందు పంపు సంగతి చూద్దాం, మిగతావి దాని వెనకే వస్తాయి.

మీ బండిలో ఉన్నది 12 వోల్టుల డయాఫ్రం పంపు అయ్యుండాలి, ఇలాంటి వాటిల్లో అదే పెడతారు. దానికొక ప్రెషర్ స్విచ్ ఉంటుంది. కుళాయి కట్టాక పైపుల్లో ఒత్తిడి పెరిగి ఒక హద్దుకి, చాలా పంపుల్లో సుమారు 40, 45 పీఎస్‌ఐకి (ఒత్తిడిని కొలిచే కొలత అది), రాగానే ఆగిపోతుంది. ఎవరైనా కుళాయి తిప్పితే ఒత్తిడి పడి మళ్లీ మొదలవుతుంది. అందరూ నిద్రపోతుండగా అది మొదలైందంటే, ఎక్కడో ఎవరూ తిప్పని కుళాయి తెరుచుకుని ఉన్నట్టే లెక్క. అది మామూలు కాదు. పంపు మీకు అర్ధరాత్రి ఫిర్యాదు చేసింది. మీరు విన్నారు, ఆయన వినలేదు. పాపం ఆయన టెంటులో ఉన్నారు.

ఇక డాబా ట్యాంకు పరీక్ష. గంటసేపు కూర్చుంటే చుక్క కారలేదన్నారు, నేను నమ్ముతున్నాను. ఆయన అబద్ధం ఆడలేదు. కానీ లెక్క చూడండి. పది మీటర్ల ఎత్తులో ఉన్న నీరు కింద ఇచ్చే ఒత్తిడి సుమారు 14 పీఎస్‌ఐ. మీది డాబా ఇల్లు, ట్యాంకు ఏడు మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే 10 పీఎస్‌ఐ. అరకులో ఆ పైపుల్లో పంపు తోసింది దానికి నాలుగింతలు. వెంట్రుకవాసి చీలిక పది దగ్గర మూసుకుని ఉంటుంది, నలభై దగ్గర నోరు తెరుస్తుంది. అందుకే ఇంటి దగ్గర పొడి, అరకులో తడి. మీరు చూసిందీ నిజమే, ఆయన చూపించిందీ నిజమే.

ఈ మాట ఆయనకి ఎలా చెప్పాలన్నది మీకు పెద్ద చిక్కు. నాకు అదే తేలిక అనిపిస్తోంది, ఎందుకంటే ఆయన ఫిట్టరు. ప్లాంటులో పైపులైను వేశాక దాన్ని నడిపే ముందు హైడ్రో టెస్ట్ చేస్తారు. పనిచేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు నీళ్లతో ఎక్కించి, గేజి ముల్లు దిగుతుందేమో చూస్తారు. పనిచేసే ఒత్తిడిలో నాలుగోవంతు పెట్టి "పాసయింది" అని సంతకం పెట్టే ఫిట్టరు ఎక్కడా ఉండడు. కాబట్టి "మీ జాయింటు కారుతోంది" అనకండి. "డాబా ట్యాంకుతో కాకుండా పంపు ప్రెషర్ మీద హైడ్రో టెస్ట్ చేద్దామా?" అని అడగండి. రెండో మాటలో తప్పు పట్టడం లేదు, పని ఉంది. ఆయన ఒక్క క్షణం ఆగి, గేజి ఎక్కడుందో వెతుక్కోవడానికి లేస్తారని నా అంచనా. లేవకపోతే, ఆ లెక్క ఉన్న పేరా పైకి కనబడేలా పేపరు మడిచి టీ కప్పు పక్కన పెట్టండి.

పరీక్షకి ముందు ఒకటి. మంచం కిందే బ్యాటరీ, ఇన్వర్టరు ఉన్నాయని రాశారు. ఇంటి కరెంటు తీగ బండికి తగిలించి ఉంటే పీకేయండి, ఇన్వర్టరు ఆపేయండి. పంపుకి కావలసింది బ్యాటరీ ఒక్కటే. గీజరు చల్లారాకే చెయ్యి పెట్టండి. వేడెక్కేటప్పుడు గీజరు సేఫ్టీ వాల్వు నుంచి ఒకటీ అరా చుక్క రావడం జబ్బు కాదు. వేడికి నీరు ఉబ్బుతుంది, ఎటో పోవాలి. దాన్ని చూసి లీకు దొరికిందని గంతులెయ్యకండి.

ట్యాంకు సగం నింపి, పంపు వేసి, ప్రతి కుళాయీ గాలి బుడగలు పోయేదాకా వదిలి కట్టేయండి. పంపు ఆగుతుంది. గడియారం చూసుకోండి. ఎవరూ ముట్టుకోకుండా అరగంటలో మళ్లీ మోగిందా, నీళ్లు ఎటో పోతున్నట్టే. పోవడానికి దారులు మూడు. జాయింటు చెమర్చి బయటికి రావచ్చు. టాయిలెట్ ఫ్లష్ వాల్వో, ఏదో కుళాయి వాషరో వదులై గిన్నెలోకే కారుతుండవచ్చు. లేదా పంపు లోపలి కవాటంలో ఇసుక రేణువు చిక్కుకుని, తోసిన నీళ్లు వెనక్కి ట్యాంకులోకే జారుతుండవచ్చు. మూడోది అయితే బండిలో ఎక్కడా తడి ఉండదు, పంపు మాత్రం మోగుతుంటుంది. మీకు పరుపుచుట్ట నానింది కాబట్టి నా ఓటు మొదటిదానికి.

వెతికే పద్ధతి చెబుతాను. పాత పేపర్లు తీసుకుని పంపు కింద, సింకు కింద, గీజరు కింద, బాత్రూం గోడ వెనక ఒక్కో షీటు పరవండి. తర్వాత టిష్యూ కాగితం పొడి ముక్కలు ప్రతి జాయింటుకీ చుట్టండి, దారం అక్కర్లేదు, మెలేస్తే నిలబడుతుంది. వేలితో తడిమితే తెలియని చెమ్మ టిష్యూ మీద ముదురు మచ్చగా కనిపిస్తుంది. టార్చి పక్కనుంచి, అడ్డంగా వెయ్యండి. ఎదురుగా వేస్తే తడీ పొడీ ఒకలాగే మెరుస్తాయి. ముఖ్యంగా చూడాల్సింది పంపు నోటి దగ్గర, కుళాయి మూతుల దగ్గర, ప్లాస్టిక్ మరలోకి ఇత్తడి మర ఎక్కిన చోట. అక్కడ ప్లాస్టిక్ కాలరు మీద నిలువునా వెంట్రుకంత గీత కనిపిస్తే, దొంగ దొరికినట్టే.

ఎందుకంటే ఇనుప పైపుకి అలవాటుపడిన చెయ్యి ప్లాస్టిక్‌కి బరువవుతుంది. ఇనుములో రెంచి వేసి ఒళ్లు బిగించి లాగినా మర ఓర్చుకుంటుంది. ప్లాస్టిక్ మరకి తెల్ల టేపు చుట్టి, చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన రెంచితో ఒక్క చుట్టు. ఇంకా లాగితే ఆ రోజు ఏమీ కాదు, నెల తర్వాత చీలుతుంది. బోటు ఇంజిన్ రూములో మా దగ్గర బాగా పనొచ్చిన వెల్డర్లే ఈ తప్పు ఎక్కువ చేసేవారు. కొత్త కుర్రాళ్లు భయపడి మెల్లగా బిగించేవారు, అవి నిలిచేవి.

ఇంకొకటి కూడా ఉంది, దీన్ని ఆయన తప్పని నేను అనలేను. ఇంటి గోడలో కదలకుండా ఉండడానికి చేసిన పైపు సీపీవీసీ. గోడలో నలభై ఏళ్లు కిమ్మనదు. దాన్ని తెచ్చి ఎస్.కోట దాటాక అనంతగిరి ఘాటు మలుపుల మీద ఊపితే, సొల్యూషన్ పెట్టి అతికించిన జాయింటు పట్టు వదులుతుంది. పంపు తానుగా కూడా వణుకుతుంది. ఆ వణుకు తిన్నగా బిరుసు పైపులోకి వెళ్తుంది. ఇలాంటి బండ్లలో పంపుకి అటూ ఇటూ అడుగున్నర మెత్తటి హోస్ ముక్క వేసి, ఆ తర్వాతే గట్టి పైపు మొదలుపెడతారు.

ఒక హెచ్చరిక. కంప్రెసరు గాలి ఎక్కించి సబ్బు నురగ రాసి చూడమని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. సీపీవీసీ మీద ఆ పని చెయ్యొద్దు. గాలి స్ప్రింగులా నొక్కుకుని ఉంటుంది, బిరుసు పైపు పగిలితే పెంకులు ఎగురుతాయి. నీళ్లతో చేస్తే పగిలినా తడుస్తారంతే.

ఇప్పుడు మీ గిన్నెల దగ్గరికి వద్దాం. వాడిన నీళ్లు బండి కింద వేరే తొట్టిలో పడతాయి. అది నిండితే పైకి తంతుంది, నిజమే. కానీ బండి మొత్తంలో పల్లపు తూము బాత్రూం గచ్చుది. సింకు తూము నడుమెత్తులో ఉంటుంది. తొట్టి పొంగి ఉంటే మంచం కింద తడి కనబడకముందే బాత్రూంలో మురికి నీళ్లు, మీ పప్పు గిన్నె కడిగిన నీళ్లతో సహా, నిలబడి ఉండాలి. ఉత్తరంలో ఆ ముక్క లేదు. నిలబడి ఉంటే మీరు రాయకుండా ఉండరు. పైగా నానిన పరుపుచుట్టకి సబ్బు వాసన గానీ, కూర జిడ్డు గానీ ఉందా? మీకు ఇంకా అనుమానంగా ఉంటే సింకులో చిటికెడు మిఠాయి రంగు కలిపిన నీళ్లు ఒక బకెట్ పొయ్యండి. కింద పరిచిన పేపరు మీద రంగు దిగితే సింకు కింద వంపు పైపు నట్లు వదులయ్యాయని అర్థం. అవి కుదుపులకి వదులవుతూనే ఉంటాయి, చేత్తో బిగిస్తే సరిపోతుంది. రంగు దిగకపోతే మీ గిన్నెల మీద కేసు కొట్టేసినట్టే. (మ్యాట్ మీద మాత్రం రంగు పడనివ్వకండి, పోదు.)

"మరి తడి వెనక ఎడమ మూలే ఎందుకుంది, అక్కడ పైపే లేదు కదా" అని ఆయన అన్నారని రాశారు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అని ఊరికే అనలేదు. అరకులో మీరు బండిని ఏటవాలు చేలో నిలిపారు, వెనక భాగం కిందికి ఉంది. ముందు భాగంలో పంపు దగ్గర కారిన నీరు మ్యాట్ కిందుగా పాక్కుంటూ ఆ మూలకే చేరుతుంది. నేను హార్బర్‌లో పనిలో చేరిన కొత్తలో, ఒక బోటు అడుగున నీళ్లు చూసి చెక్కకి కన్నం పడిందని రెండు రోజులు వెతికాను. చివరికి అవి చేపల అరలో ఐసు కరిగిన నీళ్లు. బోటు కొంచెం ఒరిగి ఉండడంతో అటు చేరాయి. మేస్త్రి నన్ను చాలాకాలం "ఐసు ఇంజనీరు" అని పిలిచాడు.

ఇంతవరకూ అరకు తడి సంగతి. నన్ను ఆపింది మీ గోరు దిగిన ప్లైవుడ్. ఒక్క రాత్రి తడికి ప్లైవుడ్ ఉబ్బుతుంది, అంచులు లేస్తాయి. నల్లబడి, గోరు దిగేంత మెత్తబడడానికి వారాలూ నెలలూ కావాలి. మీ పైపుల్లో నీళ్లు మొదటిసారి తిరిగింది నవంబరులో. ఆగస్టు నుంచి బండి వానలో నిలబడి ఉంది. అంటే అరకు వెళ్లేనాటికే ఆ మూల కుళ్లి ఉంది. మీ బండికి ఒకటి కాదు, రెండు లీకులున్నాయని నా అనుమానం. ఒకటి పంపు దగ్గర, కొత్తది. ఇంకొకటి కప్పు నుంచో, వెనక గోడ నుంచో దిగుతున్న వాన నీళ్లు, పాతది. రెండూ ఒకే మూలలో కలుసుకున్నాయి. అందుకే ఆయనా షెడ్డువాళ్లూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటుంటే ఎవరి మాటా పూర్తిగా తప్పనిపించడం లేదు.

రెండోదాన్ని పట్టడానికి హోస్ చాలు. ఒకరు లోపల టార్చితో, ఒకరు బయట. నీళ్లు ముందు కిందనుంచి మొదలుపెట్టి, ఒక్కో చోట పది నిమిషాలు ఉంచుతూ పైకి వెళ్లాలి. మొదటే కప్పు మీద పోస్తే నీళ్లు అన్ని అతుకుల మీదుగా దిగి ఏది కారిందో తేలదు. ఆ మూలకి నేరుగా పైన ఏముందో చూడండి. వెనక ఎర్ర లైటు స్క్రూలు, కిటికీ చట్రం పై అంచు, కప్పు రేకు మడత. సీలెంటు కొసలు లేచి ఉంటే దాని మీదే ఇంకో పొర రాయకూడదు. పాత సిలికాన్ మీద కొత్త సిలికాన్ పట్టదు. గీకి, తుడిచి, ఎండబెట్టి పీయూ (పాలీయురేథేన్) సీలెంటు పెట్టాలి. మన ఊరి ఉప్పుగాలికి ఇనుప స్క్రూ తుప్పు పట్టి, దాని పక్కనుంచే దారి చేస్తుంది. తీసిన ప్రతిదీ స్టెయిన్‌లెస్‌తో మార్చండి, పైపు క్లిప్పులతో సహా.

ఇప్పుడు మీరు అడిగిన దారులు.

పైపులు. తేలిక దారి, చీలిన జాయింటు ఒక్కటీ కోసేసి కొత్తది అతికించి, ఒక రోజంతా ఆరనిచ్చి, పైపుని ప్రతి రెండడుగులకీ గోడకి క్లాంపు చేసి, పంపు దగ్గర మెత్తటి హోస్ వెయ్యడం. ఒక పూట పని, ఖర్చు వందల్లో. లంబసింగి దాకా నిలబడుతుంది. వచ్చే ఏడాది ఇంకో జాయింటు అడుగుతుంది. రెండో దారి, సీపీవీసీ అంతా పీకేసి పెక్స్ అనే ఇంకో రకం ప్లాస్టిక్ పైపు వెయ్యడం. అది వంగుతుంది, కుదుపు ఓర్చుకుంటుంది, రింగు నొక్కే పనిముట్టు మాత్రం ఉండాలి. ఖర్చు ఎక్కువ, రెండు మూడు రోజులు పడుతుంది. ఇది కూడా ఆయనే చేసుకోగలరు, చెయ్యనివ్వండి. బయటి ప్లంబర్ని పిలిస్తే పని త్వరగా అవుతుంది, కానీ ఆయన మీతో కూడా ఇంకో మూడు వారాలు మాట్లాడరు. జాయింటు బయట ఎం-సీల్ ముద్ద పెట్టడం దారి కాదు. లోపల నలభై పీఎస్‌ఐ తోస్తుంటే ఆ ముద్ద పక్కనుంచి నీరు తన దారి చూసుకుంటుంది, అంతవరకూ లీకు కనబడకుండా మాత్రం చేస్తుంది.

నేల. మెత్తబడిన భాగం మీద కొత్త మ్యాట్ పరిస్తే తేమ లోపలే ఉడుకుతుంది. మన విశాఖ గాలిలో తడి చెక్క దానంతటది ఆరదు. మ్యాట్ తీసి, ఫ్యాను పెట్టి వారం పైన వదలండి. ఆరాక గట్టిగా ఉన్నచోటిదాకా కోసేసి కొత్త ముక్క వెయ్యాలి. తడికి ఓర్చుకునే మెరైన్ ప్లై అడిగి, దాని మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. 303 ముద్ర ఉన్నది మామూలు ఇంటి వాడకానికి. షెడ్డువాళ్లు ఏది వేశారో కోసిన ముక్క మీద ముద్ర దొరికితే ఫోటో తీసి ఉంచండి. బిల్లులో మెరైన్ అని రాసి 303 వేసి ఉంటే మాట్లాడాల్సిన పద్ధతే మారిపోతుంది.

షెడ్డు మీద కేసు. మీకు ఆ దారి తెరిచే ఉంది. విషయం బయటపడినప్పటి నుంచి రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వెయ్యవచ్చు. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు ఉండదు. 1915కి ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్‌వాళ్లు ముందు రాజీకి ప్రయత్నిస్తారు. అయితే ఇప్పుడే వెళ్తే షెడ్డువాళ్లు మొదట చూపించేది మీ ఆయన పైపులే. రెండు లీకుల్నీ విడదీసి, హోస్ పరీక్ష వీడియో తారీకుతో సహా తీసుకున్నాక, "వాన నీళ్లు ఈ స్క్రూ దగ్గర దిగుతున్నాయి, సరిచెయ్యండి" అని ఒక్క పేజీ ఉత్తరం రిజిస్టర్ పోస్టులో పంపండి. చాలాసార్లు అక్కడితో తెగుతుంది. తెగకపోతే మీ తమ్ముడి స్నేహం దెబ్బతింటుంది. అది అతనికి ముందే చెప్పి, అతని చేతే ఆ ఉత్తరం ఇప్పిస్తే ఇంకా మంచిది. మీ ఆయన పైపుల తప్పు మీరే ముందుగా ఒప్పుకుంటే, కప్పు తప్పు అడగడానికి మీకు నోరుంటుంది. ఈ మాట తమ్ముడికి ఫోన్‌లో చెప్పాల్సింది మీరు కాదు. హోస్ పరీక్ష రోజున అతన్ని లోపల టార్చి పట్టుకోవడానికి పిలవండి. బావగారు బయట హోస్ పట్టుకుంటారు. మధ్యలో గోడ ఉంటుంది, "వచ్చిందా?" "రాలేదు బావా" అంటూ మాటలు వాటంతటవే మొదలవుతాయి.

అమ్మడం. బాగుచేసి అమ్మితే అమ్మండి, తప్పేం లేదు. మీ అబ్బాయి చెప్పినట్టు మ్యాట్ కప్పి అమ్మడం మాత్రం నేను ఒప్పుకోను. కొన్నవాళ్లు మొదటి వానకే కనిపెడతారు, అప్పుడు వినియోగదారుల కమిషన్ సంగతేమో గానీ, మీ గుమ్మం ముందు నిలబడేది వాళ్లే. మీ ఉత్తరంలో ఇంకోటి కూడా గమనించాను. ఆరు పేజీల్లో ఎక్కడా మీరు ఆ బండి వద్దన్నట్టు రాయలేదు. అరకులో పొద్దున్నే వంటగట్టు కిటికీ లోంచి మంచు చూస్తూ కాఫీ పెట్టుకున్న సంగతి అర పేజీ రాశారు.

ఇక ఊరుకోవడం. గిన్నెల మాట మీద మీరు ఊరుకోనక్కర్లేదు. కానీ దాన్ని ఇప్పుడు ఆయనతో తేల్చుకోవాలని చూస్తే ఆయన పైపుల్ని కాపాడుకోవడంలో పడతారు, లీకు అలాగే ఉంటుంది. ముందు టెస్ట్ చెయ్యనివ్వండి. ముల్లు దిగాక ఒకటే అడగండి. "అక్కగారి ముందు అన్నారు, అక్కగారి ముందే చెప్పండి." ఆయన ఫోన్ చేసి "అది గిన్నెల వల్ల కాదక్కా, పంపు దగ్గర జాయింటు" అంటే చాలు, సారీ అన్న పదం రాకపోయినా ఫరవాలేదు. ఆయన చెప్పకపోతే మీరే వెళ్లి, ఆ పరుపుచుట్ట మళ్లీ కుట్టించి ఇస్తూ, ఏం జరిగిందో చెప్పండి. ఆవిడ ఏమీ అనకపోవడానికి తన తమ్ముడి మీద, అంటే మీ ఆయన మీద, కోపం కూడా కారణం కావచ్చు, అది మీ మీదేనని మీకెలా తెలుసు?

లంబసింగి వెళ్లేటప్పుడు ట్యాంకు నిండా పట్టకండి. 120 లీటర్లంటే 120 కిలోలు, చింతపల్లి ఘాటెక్కే కారుకి అది అనవసరపు బరువు. పైగా ఏటవాలులో నిండు ట్యాంకు గాలి గొట్టంలోంచి నీళ్లు కక్కుతుంది. ఆ గొట్టం కొస మంచం కిందే ఉందేమో ఒకసారి చూసి, బయటికి తిప్పించండి. సగం చాలు, అక్కడికెళ్లాక పట్టుకోవచ్చు. బండి నడుస్తున్నంతసేపూ, రాత్రి పడుకునేటప్పుడూ పంపు స్విచ్చి ఆపేయండి. పిల్లలకి అర్ధరాత్రి నీళ్లు కావాలంటే ఒక బిందె వంటగట్టు మీద పెట్టుకోండి.